పుర్రచేతి పాళీ

పోయిన ఆదివారం మా కర్నూలులో ఒక కల్యాణ మంటపంలో ఇంకు పెన్నుల ప్రదర్శన పెట్టారు. పెళ్ళికూతురిని కూర్చోబెట్టే వేదిక మీద ఆ రోజు రంగురంగుల ఇంకు సీసాలు కూర్చున్నాయి. వియ్యాలవారికి వడ్డించే బల్లల దగ్గర, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పెన్నుల పిచ్చివాళ్ళు కళ్ళజోళ్ళు నుదుటి మీదికి నెట్టుకుని, మూతలు తీసి, పాళీలను ముక్కుకు తగిలేటంత దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. ఈ సంగతి పేపర్లో చదివి నాకు చెప్పింది మా ఆయనే. చెప్పి ఊరుకుంటే ఆయన ఎందుకవుతాడు, "నీ దయ్యాన్ని కూడా వెంటబెట్టుకుని పో, ఏదన్నా సంబంధం కుదురుతుందేమో" అని కూడా అన్నాడు. ఇన్నేళ్ళు ఆ దయ్యంతో ఒకే బీరువా పంచుకున్న మనిషి కనక ఆ మాట అనే హక్కు ఆయనకు ఉందనుకుని నేనూ నవ్వేశాను. కానీ తీసుకుపోయాను. చేతిసంచిలో, పాత నేతగుడ్డ ముక్కలో చుట్టి, మా అక్క పెన్నును తీసుకుపోయాను. దాన్ని బాగుచేయించి మామూలు పెన్నును చేసుకోవాలని, ఈ వయసులో దాని భయం ఇంక నాకొద్దని గట్టిగా అనుకునే గడప దాటాను.

మన తరం వాళ్ళకు ఇంకు పెన్ను గురించి వేరే చెప్పాలా? చొక్కా జేబు కింద నీలం మచ్చ పడని మగపిల్లవాడు మన తరగతిలో ఉన్నాడా? ఫిల్లరుతో ఇంకు పోస్తుంటే వేళ్ళకు అంటినదాన్ని జుట్టుకు తుడుచుకోవడం, పక్కపిల్ల పెన్ను ఖాళీ అయితే బల్ల మీద రెండు చుక్కలు రాల్చి ధర్మం చేయడం, ఇవన్నీ మనకు తెలిసినవే. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. అన్నం అడిగితే పెడతాం, పుస్తకం అడిగితే ఇస్తాం, పెన్ను మాత్రం ఇచ్చేవాళ్ళం కాదు. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే మూత మన దగ్గర ఉంచుకుని ఇచ్చేవాళ్ళం. పోతుందని కాదు, చెయ్యి మారితే పాళీ చెడుతుందని. రాసేవాళ్ళ చేతి వాలును బట్టి పాళీ మొన ఒక పక్కకు అరుగుతుందని, కొన్నాళ్ళకు ఆ చేతికే మరుగుతుందని, తర్వాత ఇంకెవరు పట్టుకున్నా గీరుతుందని మనకు ఎవరూ పాఠం చెప్పలేదు, అయినా అందరికీ తెలుసు.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. నాయన గుంట మగ్గం మీద నూలు చీరలు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది, మేమిద్దరం ఆడపిల్లలం ఆ చప్పుడులోనే పుట్టి ఆ చప్పుడులోనే పెరిగాం. మగ్గం ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. అక్క నాకంటే బాగా పెద్దది, నన్ను చంకనేసుకుని పెంచింది. ఆమెది పుర్రచెయ్యి, అంటే ఎడంచేతి వాటం. మొదట నాయన ఆమెకు మగ్గం నేర్పాలని చూశాడు. కుడిచేత్తో లాగవలసిన తాడును ఆమె ఎడంచేత్తో లాగేది, పోగును బిగించే పలకను కొట్టవలసిన చెయ్యి ఊరికే చూస్తూ ఉండేది, అటూ ఇటూ పరుగెత్తాల్సిన నాడె సగంలో ఆగిపోయేది, పోగులు తెగేవి. నాయనకు కోపం రావడం అరుదు. నీ చేతికి తగిన మగ్గం కావాలంటే వడ్రంగి మళ్ళీ పుట్టాలని నవ్వి, ఆమెను బడికి పంపాడు. అలా మా వంశంలో మొట్టమొదట చదువుకున్న ఆడపిల్ల, చేతికి నేత అబ్బక చదువుకుంది.

కానీ బడిలో అయివారు ఊరుకుంటాడా? ఎడంచేత్తో బలపం పట్టుకుంటే వేళ్ళ మీద కొట్టేవాడు. ఇంట్లో అమ్మది ఇంకొక గొడవ. అన్నం తినేది, దీపం ముట్టించేది, పెద్దవాళ్ళకు ఏదన్నా అందించేది అంతా కుడిచెయ్యే కావాలి. అక్క ఎవరితోనూ పోట్లాడలేదు. తనంతట తాను పంపకం చేసుకుంది. ఇంటికి, ఊరికి కుడిచెయ్యి. రాతకు మాత్రం ఎడంచెయ్యి. బడిలో అయివారి ఎదుట కుడిచేత్తో కోడి కెలికినట్టు రాసి, ఇంటికొచ్చి ఎడంచేత్తో ముత్యాల్లాంటి అక్షరాలు రాసి పట్టుకుపోయేది. బడిలో రాసినదానికి తన్నులు, ఇంటిదగ్గర రాసినదానికి మెప్పు. ఆ మెప్పులోనూ, ఇది మీ నాయన రాసిచ్చినాడా అని అనుమానం. అక్షరం ముక్క రాని మా నాయన ఆ మాట విని, జీవితంలో తనకు దక్కిన పెద్ద గౌరవం అదేనని మగ్గం గుంటలో కూర్చుని చాలా రోజులు చెప్పుకున్నాడు.

ఆమె రాసే తీరు కూడా విచిత్రమే. నోటుపుస్తకాన్ని పూర్తిగా ఎడమవైపుకు అడ్డం తిప్పి, గీతలు నిలువుగా నిలబడేటట్టు పెట్టుకుని, కిందినుంచి పైకి ఎక్కుతున్నట్టు రాసేది. రాస్తూ పోతుంటే ఆ చెయ్యి అప్పుడే రాసిన తడి అక్షరాల మీదుగా జారుతుంది కదా, అందువల్ల ఆమె ఎడమ అరచేతి అంచు, చిటికెనవేలి కింది నుంచి మణికట్టు దాకా, ఎప్పుడూ నీలంగా ఉండేది. నిమ్మచెక్కతో రుద్దినా, చింతపండుతో రుద్దినా పోయేది కాదు. పోయిన రోజు ఉంటే అది వేసవి సెలవుల్లోనే.

అక్క ఎస్సెల్సీ పాసైనప్పుడు నాయన ఆదోనికి చీరలు అమ్మడానికి పోయి, వస్తూ వస్తూ ఒక పెన్ను తెచ్చాడు. నల్లటి ఎబొనైట్ పెన్ను, అంటే గట్టి రబ్బరుది, లావుగా, మీద ఏ పేరూ లేకుండా, చేత్తో చెక్కినది. కాసేపు పట్టుకుంటే చేతి వేడికి రబ్బరు కాలినట్టు ఒక వాసన వచ్చేది. ఆ వాసన అక్క ఎడంచేతికి పట్టేసింది. జ్వరమొచ్చి నేను పడుకుంటే నా నుదుటి మీద ఆ చెయ్యే పెట్టేది. ఇప్పటికీ ఎక్కడన్నా రబ్బరు కాలిన వాసన వస్తే నాకు ముందు చల్లగా అనిపిస్తుంది, ఆ తర్వాతే ఏం కాలుతోందో అని కంగారు పుడుతుంది.

ఆ పెన్నుతో ఆమె చేసిన పనులన్నింటిలోకి నాకు ప్రాణమైనది ఒకటుంది. బడులు తెరిచే ముందు నా పుస్తకాలకు పాత పేపర్లతో అట్టలు వేసి, ఒక్కొక్క అట్ట మీద నా పేరు రాసేది. పేరు రాసి, పెన్ను ఎత్తకుండా, చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా కింద ఒక గీత వెనక్కి లాగేది. నేను రాస్తే ఎడమనుంచి కుడికి పోయే గీత, ఆమె చేతిలో కుడినుంచి ఎడమకు వచ్చేది, మొదట సన్నగా బయలుదేరి చివర లావుగా ఆగేది. అదెందుకని అడిగితే, పేరు ఊడిపోకుండా దారం వేశానని చెప్పేది. నేతగాళ్ళ పిల్లకు వేరే ఏం తోస్తుంది? నేను అది నిజమనే నమ్మాను. గీత లేని పేరు ఏదో ఒకరోజు అట్ట మీదినుంచి రాలిపోతుందని, తోటిపిల్లల పుస్తకాలు చూసి జాలిపడేదాన్ని.

టీచరు ట్రైనింగు అయ్యాక ఆమెకు కోసిగి దగ్గర ఒక పల్లెలో ఉద్యోగమొచ్చింది. వానలు మొహం చాటేసిన ఏడు ఆ వైపు ఊళ్ళకు ఊళ్ళే తాళాలు వేసుకుని సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే కూలిపనులు వెతుక్కుంటూ గుంటూరు వైపు, మిరపకోతలకు, పత్తి తీయడానికి పిల్లాజెల్లాతో వలసపోవడం. ఇవాళ నిండుగా ఉన్న బడి రేపటికి బోసిపోతుంది. పిల్లలు పోయేముందు అక్క ఒక్కొక్కరికి అట్టముక్క మీద వాళ్ళ పేరు రాసి, కింద తన గీత లాగి ఇచ్చేదట. అక్కడ రోజూ దాన్ని చూసి దిద్దుకోవాలి, తిరిగొచ్చినప్పుడు తెచ్చి చూపించాలి. చూపించిన పిల్లకు బెల్లం ముక్క. వారానికొకసారి ఇంటికొచ్చినప్పుడు ఈ కబుర్లన్నీ చెప్పేది. ఆమె మాట్లాడుతుంటే నేను ఆమె చెయ్యి తీసుకుని ఆ నీలం అంచును గోటితో గీకుతూ వినేదాన్ని.

ఒక ఏడాది, పిల్లలు అలా సుగ్గికి పోయి ఉన్నప్పుడే, అక్కకు పచ్చకామెర్లు వచ్చాయి. మావాళ్ళు అందరూ చేసేదే చేశారు. ఆకుపసరు పోయించారు, పత్యం పెట్టారు, ఉప్పూ కారం మాన్పించారు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. నేనప్పుడు పరీక్షకు కట్టిన ఆడపిల్లను. నా హాల్ టికెట్టు అట్ట మీద ఆమె నా పేరు రాసి, గీత లాగలేక, మళ్ళీ లాగుతాలే అని పెన్ను పక్కన పెట్టింది. ఆ మళ్ళీ రాలేదు.

తర్వాత జరిగినది నేను చాలా తక్కువమందికి చెప్పాను. ఒళ్ళు కడిగేటప్పుడు ఆడవాళ్ళు ఆ నీలపు అంచును చూసి సీకాయతో రుద్దారు. పసుపుపచ్చగా మారిపోయిన ఆ ఒంటి మీద ఆ నీలం ఒక్కటే ప్రాణంతో ఉన్నట్టు కనిపించింది. ఎంత రుద్దినా పోలేదు. అంతదాకా గోడకానుకుని ఉన్న అమ్మ లేచి వచ్చి, "రుద్దొద్దండమ్మా, ఉండనీండి. అది మురికి గాదు" అంది.

మావాళ్ళలో పూడ్చడమే ఆచారం. పోయినవాళ్ళకు ఇష్టమైన వస్తువు ఒకటి చేతిలో పెట్టి పంపుతారు. నాయన పెన్ను తెచ్చాడు. కులపెద్ద దాన్ని అక్క కుడిచేతిలో పెట్టబోయాడు. అమ్మ అడ్డుపడింది. ఆ మాటలు నాకు నిన్న విన్నట్టుంటాయి. "ఈ చేత్తో అది ఏనాడన్న ఒక అచ్చరం రాసినాదా? ముద్ద తినే చేతికి పెన్నిస్తే, పోయినచోట నా బిడ్డ ఏం జేసుకుంటాదప్పా?" పెద్దాయన చెడ్డవాడు కాదు, మెల్లగానే నచ్చజెప్పాడు. పొయ్యేటప్పుడు ఎడంచేతికి ఏదీ ఇయ్యకూడదు, ఇంటికి మంచిది కాదు, వెనక ఇంకొక ఆడపిల్ల ఉంది అన్నాడు. వెనక ఉన్న ఆ ఆడపిల్లను నేనే. అమ్మ నా వంక చూసింది, అక్క వంక చూసింది. ఎడంచేతికి ఇస్తే నాకు కీడు, కుడిచేతికి ఇస్తే అక్కకు పనికిరాదు. జీవితమంతా కుడిచెయ్యి, కుడిచెయ్యి అని పోరుపెట్టిన మనిషే, ఆ రోజు ఆ చేతికి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. చివరికి అక్క రెండు చేతులూ ఖాళీగానే పోయింది. పెన్ను ఇంటికి వచ్చింది.

అప్పటినుంచే అది దయ్యమైంది. ఆయుధపూజ నాడు మగ్గానికి, నాడెకు, రాట్నానికి పసుపుకుంకాలు పెట్టేటప్పుడు అమ్మ ఆ పెన్నును కడిగి, ఇంకు నింపి, మగ్గానికి ఎడమపక్కన పెట్టేది. చదువు రాని మనిషి ఒక్క చుక్క కింద పడకుండా నింపేది. ఎవరూ రాసేది లేదు. ఆ ఇంకు ఏడాదంతా దానిలోనే ఎండిపోయేది, మళ్ళీ పండక్కి కడిగేది. ఒక పండగనాడు అమ్మ లోపల ఉన్నప్పుడు నేను దాన్ని తీసుకుని నా పేరు రాయబోయాను. పాళీ కాగితంలో దిగబడింది. గీర్‌మని చప్పుడు చేసింది, ఇంకు మాత్రం రాలేదు. అక్క రాస్తుంటే ఏనాడూ చప్పుడు వినలేదు నేను. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి, కోప్పడకుండా, "అది నిన్ను గాదుమే, దాని చేతిని అడగతాండాది" అంది. ఆ మాటతో నా ఒళ్ళు జలదరించింది. నిజం చెప్పాలంటే ఆ జలదరింపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

దానికి తోడు ఆ పిల్లలు. సుగ్గి నుంచి తిరిగొచ్చి, బడిలో టీచరమ్మ లేదని తెలిసి, ఇద్దరు ముగ్గురు తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని బస్సెక్కి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పిల్లల చేతుల్లో చెమటకు తడిసి అలుక్కుపోయిన అట్టముక్కలు. పేర్లు చెరిగిపోయినా చాలావాటి మీద కింది గీత మాత్రం నిలిచింది. అమ్మ వాళ్ళకు బెల్లం పెట్టింది. నాయన ఆ పొద్దంతా మగ్గం గుంటలోంచి లేవలేదు.

పెళ్ళై, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగమొచ్చి నేను కర్నూలు చేరాను. అమ్మ తాను పోయే ముందు పెన్నును నా చేతికిచ్చి, దాన్ని ఎండబెట్టొద్దు అని మాత్రం చెప్పింది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయుధపూజకు నేనూ నింపుతూ వచ్చాను. నింపిన కొన్నాళ్ళకే ఇంకు తగ్గిపోయి ఉండేది. కర్నూలు ఎండలు తుంగభద్రనే తాగేస్తాయి, నీ పెన్నొక లెక్కా అని మా ఆయన తేల్చేసేవాడు. ఆయన కెమిస్ట్రీ చెప్పిన మనిషి, ఆయన మాటే నిజమై ఉంటుంది. కానీ ఒక వేసవిలో బీరువా తీస్తే, పెన్ను చుట్టిన గుడ్డ మీద నీలం మరక, అరచేతి అంచంత పొడుగున, అదే వంపుతో కనిపించింది. వేడికి ఇంకు పొంగి కారిందని ఆయన అన్నాడు, నేను గుడ్డ మార్చాను. ఎక్స్ఛేంజీలో చెవికి తగిలించుకున్న దాంట్లో రోజంతా ఎందరెందరి గొంతులో వినేదాన్ని, ఇంటికొచ్చి బీరువా తలుపు తీసేటప్పుడు మాత్రం ఏ గొంతు వినాల్సి వస్తుందో అని పిడి మీదే చెయ్యి ఆగిపోయేది. ఇన్నేళ్ళు భయపడుతూ మోశాను. నా తర్వాత దీనికి ఇంకు నింపేది ఎవరు? అందుకే బాగుచేయించాలనుకున్నాను. నా చేతికి రాస్తే అది నా పెన్ను అవుతుంది, నేను పోతే ఒక పాత పెన్నుగా మిగులుతుంది. దాని అడగడం ఆగిపోతుంది.

మంటపంలో ఒక మూల, మెడలో భూతద్దం వేలాడదీసుకున్న ఒకతను పాళీలు సరిచేస్తున్నాడు. బద్వేలువాడట, బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం, సెలవురోజుల్లో ఈ పిచ్చి. నా పెన్ను తీసుకుని, మూత తీసి, వాసన చూసి ముందు సంతోషించాడు. తర్వాత భూతద్దం కింద పెట్టి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తి, "ఇది చెడిపోలేదుమ్మా. శానా బాగుండాది. కాకపోతే ఒక్క చేతికే బాగుండాది" అన్నాడు. నన్నూ చూడమన్నాడు. అద్దంలో పాళీ మొన ఇంత పెద్దదిగా కనిపించింది. ఒక పక్క నున్నగా, ఏటవాలుగా అరిగి మెరుస్తోంది. అక్క బలం, అక్క తొందర, అక్క కూర్చునే పద్ధతి అంతా ఆ వాలులో ఉంది. మనిషి ఫోటో కూడా సరిగ్గా లేని మా ఇంట్లో, ఆమె ఆనవాలు ఇన్నాళ్ళు నా బీరువాలో ఉందని నాకు అప్పుడు తెలిసింది.

అతను కొత్త ఇంకు నింపి, తన ఎడంచేత్తో రాసి చూశాడు, గీరింది. ఆ చప్పుడుకు నేను కళ్ళు మూసుకున్నాను. సరిచేస్తే మీకు హాయిగా రాస్తుందని, కానీ ఒకసారి సాపు చేశాక పాత వాటం ఇంక రాదని, అరగదీసింది అతికించలేం గదమ్మా అని చెప్పాడు. చెప్పి, సన్నటి గరుకు కాగితం చేతిలో పట్టుకుని నా మాట కోసం చూశాడు. నేను వచ్చిందే అందుకు. సరే అనడానికి నోరు తెరిచాను.

అప్పుడు నా పక్కన నిలబడి చూస్తున్న ఒక అమ్మాయి, "అవ్వా, నాదీ పుర్రచెయ్యే. ఒకతూరి నేను సూడనా?" అంది. పత్తికొండ అమ్మాయి, ఇక్కడ డిగ్రీ చదువుతోంది. అన్నం తినేటప్పుడు మాత్రం వాళ్ళమ్మ తిడుతుందట, రాతకు ఎవరూ ఏమీ అనరట. పెన్ను ఇచ్చాను. మూత మాత్రం, పాత అలవాటు, నా గుప్పిట్లోనే ఉంచుకున్నాను. ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుని, అక్కడున్న నోటుపుస్తకాన్ని ఎడమవైపుకు పూర్తిగా అడ్డం తిప్పింది.

బల్ల అంచు పట్టుకున్నాను.

"ఏం రాయాల అవ్వా?" అని అడిగితే నా పేరు చెప్పాను. పెన్ను కాగితం మీద పెట్టింది. చప్పుడు లేదు. ఇన్నేళ్ళు నేను విన్న ఆ గీరు ఏమైపోయిందో, ఇంకు నీళ్ళలాగా వచ్చింది. నా పేరు కిందినుంచి పైకి ఒక్కొక్క అక్షరంగా ఎక్కుతుంటే, సన్నమూ లావూ సరిగ్గా ఎక్కడ రావాలో అక్కడ వస్తుంటే, నేను ఆ అక్షరాలను కాదు, వాటి మీదుగా జారుతున్న ఆ చేతిని చూస్తూ నిలబడ్డాను. చివరి అక్షరం అయింది. ఇప్పుడు గీత. ఆ పాళీకి అంతా గుర్తుంది, ఇంక గీత వెనక్కి రావడమే తరువాయి అని ఎదురుచూశాను. "అయిపాయ అవ్వా, భలే రాస్తాది" అని ఆ పిల్ల పెన్ను ఎత్తేసింది.

గీత రాలేదు.

వస్తుందని ఎందుకనుకున్నానో నాకే తెలియదు. గీత లాగమని నేను చెప్పవచ్చు, బంగారంలాంటి పిల్ల, సంతోషంగా లాగేది. కానీ అడిగి గీయించుకున్న గీత నాది అవుతుంది కానీ అక్కది ఎలా అవుతుంది? ఆ పిల్ల అరచేతి అంచు నిండా నీలం అంటింది. పక్కనే ఉన్న బద్వేలు అబ్బాయి కాగితం రుమాలు అందించాడు. నేను గభాలున ఆ చెయ్యి పట్టుకుని, ఉండనీ తల్లీ, అది మురికి కాదు అన్నాను. అన్న తర్వాత ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి, అంతమంది మధ్య, ముసలిదాన్ని, ఏడ్చేశాను. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. అయినా చెయ్యి లాక్కోలేదు.

పెన్ను సాపు చేయించలేదు. నా పేరున్న కాగితం, పెన్ను, రెండూ తీసుకుని ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. సంబంధం కుదిరిందా అని మా ఆయన వాకిట్లోనే అడిగాడు. కాగితం చూపించాను. చూసి, కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికి పోయాడు.

ఇప్పుడు నేను ఫోను మీద వేలు ఆనిస్తే అది నన్ను గుర్తుపట్టి తెరుచుకుంటుంది. గొప్ప విషయమే. కానీ ఇంకొకరి వేలు చూపిస్తే ఆ సాయంత్రానికే వాళ్ళదైపోతుంది, నిన్నటిదాకా తాకిన చెయ్యి దానికి పట్టదు. నున్నటి అద్దం, ఎంత రుద్దినా అరగదు. మన కాలంలో వస్తువులు అరిగేవి. మగ్గం పలక నాయన వేళ్ళ దగ్గర గుంట పడింది, కవ్వం అమ్మ గుప్పిట దగ్గర సన్నబడింది, పెన్ను అక్క వాలుకు వంగింది. మనుషులు పోయాక ఆ అరుగుళ్ళు మిగిలేవి. నేను పోయాక నా చేతి ఆనవాలు దేని మీద ఉంటుందని ఇల్లంతా తిరిగి వెతికాను, నాకైతే ఏమీ దొరకలేదు.

ఆ రోజే పొద్దు వాలే ముందు ఆ కాగితాన్ని వంటింటి బల్ల మీద పెట్టుకుని, పేరు కింద ఆ గీత నేనే లాగుదామని కూర్చున్నాను. చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా, కుడినుంచి ఎడమకు, అక్క లాగినట్టే. గీర్‌మంది. కాగితం మీద తెల్లటి గాటు పడింది కానీ ఇంకు రాలేదు. అమ్మ చెప్పినట్టు అది ఇంకా దాని చేతినే అడుగుతోంది. మొదటిసారి నాకు భయం వేయలేదు. అమ్మ పోయింది, నాయన పోయాడు, ఆ అట్టముక్కలు పట్టుకొచ్చిన పిల్లలు ఎక్కడున్నారో తెలియదు. ఈ లోకంలో మా అక్కే కావాలని ఇంకా మొండికేసేది ఇదొక్కటే. గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాను. ఆయుధపూజకు మళ్ళీ ఇంకు నింపుతాను. నేనున్నంత కాలం దాన్ని అలా అడగనీ.